జారవచ్చు, దొర్లకూడదు

కుపిష్కిస్ బడి జిమ్‌లో ఫిబ్రవరి శనివారం.
బయట మైనస్ పధ్నాలుగు. లోపల చెక్క నేలకి
వార్నిషూ చెమటా కలిసిన వాసన.
మూడో క్వార్టర్లో ఇంకో నలభై సెకన్లున్నాయి.
ఎవరిదీ కాకుండా పోతున్న బంతి మీదికి
స్కైస్తే దూకింది,
ఒలికిపోబోయే పాలగిన్నె మీదికి దూకినట్టు.

పొట్ట మీద పడింది.
బంతిని గుండెలకి కరిపించుకుని
రెండు గజాలు జారింది.
మోచేతి చర్మం కాస్త చెక్కకి ఇచ్చుకుంది.

"అడుగులు! అడుగులు!" గ్యాలరీ అంతా లేచింది.
మా భాషలో ఆ తప్పు పేరే అది.
ఒక్క పాదమైనా నేలకి ఆనని పిల్లకి
అడుగులెక్కడివమ్మా?
మూడో వరసలో ఎర్ర శాలువా ముసలావిడ
రూలంతా వేలితో గాలిలో రాసి చూపిస్తోంది నాకు.
ఈల పళ్ళ మధ్యే ఉంది, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉన్నట్టే.
ఊదలేదు.

జారుడు ఆ పిల్లది కాదు, వేగానిది.
దొర్లిందా, అది ఆ పిల్లది.
రెంటికీ మధ్య ఉన్న సందు
ఒక తుంటి ఎముకంత.
అందులోకి కళ్ళు దూర్చి చూసినందుకే నాకు
ఆటకి పద్దెనిమిది యూరోలు. పెట్రోలు వేరే.

ఎప్పుడో పనెవేజిస్‌లో మాకు తరగతి.
బంతుల గది తాళం దొరకలేదు.
కెస్తుటిస్ గారు సూటుతోనే నేల మీద పడుకున్నాడు,
చేతుల్లో వంటగది నుంచి తెచ్చిన కాబేజీ.
"లేచి కూర్చున్నాను. తప్పా?"
సగం చేతులు లేచాయి, మళ్ళీ సగం దిగాయి.
"మోకాలు కూడదీసుకున్నాను. ఇప్పుడు?"
అన్ని చేతులూ లేచాయి.
"ఎందుకు?"
ఎవరూ మాట్లాడలేదు.
"మోకాలు ఊరికే లేవదు నాయనా," అన్నాడు,
కోటుకంటిన కాబేజీ ఆకు దులుపుకుంటూ.

ఇప్పుడు స్కైస్తే చుట్టూ ఆరు పసుపు మేజోళ్ళు.
నా చెయ్యి లెక్క మొదలెట్టింది: ఒకటి.
బంతి ఎవరికైనా ఇవ్వొచ్చు.
పడుకునే బుట్టలోకి విసరొచ్చు, చూసి నవ్వితే నవ్వుతారు.
నేలకేసి కొట్టి, చేతిని వదిలిన బంతి వెంటే
తనూ లేవొచ్చు.
బంతితో మాత్రం లేవకూడదు.
రెండు.
నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు,
పరీక్ష హాల్లో పిల్లలు చూసే చూపు.
చెప్పడానికి నాకు నోరు లేదు, ఈలే ఉంది.
మూడు.
కుడి మోకాలు కదిలింది.
ఊపిరి బిగబట్టాను.
మోకాలు ఏమనుకుందో ఏమో, మళ్ళీ పడుకుంది.
పసుపు మేజోళ్ళ సందులోంచి ఒంటిచేత్తో
బంతిని యోరుంతే వైపు నెట్టేసింది.

ఆరు పాయింట్లతో ఓడిపోయారులెండి.

ఆట అయ్యాక జిమ్ కాపలాదారు తేనె సీసా ఇచ్చాడు,
వాళ్ళ బావమరిది తేనెటీగలవి.
కార్ల దగ్గర మంచు అద్దంలా గడ్డకట్టి ఉంది.
రెండో అడుగులోనే కాళ్ళు నన్ను వదిలేశాయి.
సీసాని కడుపులో పెట్టుకుని
నా కారు చక్రం దాకా జారాను.
ఆకాశం చాలా పెద్దగా ఉంది. నడుము లెక్క చూసుకుంటోంది.

తలమీద ఉన్ని టోపీ ఒకటి వంగింది.
మోచేతికి కట్టు.
"జారవచ్చు, రిఫరీగారూ," అంది స్కైస్తే.
నవ్వలేదు, అదే మరీ ఘోరం.
నేను మోకాలు కూడదీసుకున్నాను.
వెంటనే చేతి తొడుగుల పిడికిళ్ళు రెండూ
ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిప్పింది,
అచ్చం నేను తిప్పినట్టే.
తర్వాత చెయ్యి ఊపుతూ లెక్క మొదలెట్టింది.
వాళ్ళ నాన్న కారు హారన్ కొడుతున్నాడు.
ఒకటి. రెండు. మూడు.

నాలుగుకి సీసా తన చేతుల్లోకి విసిరాను.
పట్టింది.

అప్పుడు లేచాను, ఒట్టి చేతులతో,
మంచు మీద నాలుగు కాళ్ళ జంతువులా, మెల్లగా.
మా పై అధికారులెవరూ చూడలేదు.