తు, చ

వాల్దీవియాలో వాన మొదలైతే ఆగడం మరిచిపోతుంది.
కాయే-కాయే నది ఒడ్డున చేపల బజారు కట్టేశాక
తలకాయల కోసం సముద్ర సింహాలు ఇంకా అరుస్తూనే ఉంటాయి.
మేడమీది గదిలో ఎల్సీరా ఓయార్సూన్
పొయ్యిలోకి తడికట్టె ఒకటి తోసి,
పొగకి కళ్లు నులుముకుని,
మళ్లీ తెర ముందు కూచుంటుంది.

పగలు కలప అడితిలో లెక్కలు రాస్తుంది.
రాత్రి, జీతం లేని ఇంకో లెక్క:
ఏ వ్యవస్థలో ఏ మాట ఎన్ని బైట్లు,
ఏ గడి వెనక ఏ గడి.
లినక్స్‌ది ఒక తీరు.
బీఎస్‌డీలు ఒక తల్లి బిడ్డలే అయినా
ఎవరి పొయ్యి వాళ్లదే.
సొలారిస్ పెద్దాయన పోయాడన్నారు గాని
వారసులు ఆ ఇంట్లో దీపం పెడుతూనే ఉన్నారు.

తప్పులు అందరిళ్లలోనూ జరుగుతాయి.
జరిగిన తప్పు ఎక్కడ రాసి ఉంచుతారో
అక్కడే తేడా.
ఆ చోటు పేరుకి ముందు
ఒకరింట్లో రెండు కిందిగీతలు,
ఇంకొకరింట్లో మూడు.
ఆ మూడోది కనపడక
ఒక జనవరి మొత్తం పోగొట్టుకుంది ఎల్సీరా.
నిజానికి మార్చాల్సింది కళ్లద్దాలు.

"అలాంటి ఫైలు లేదు" అంటే అందరికీ రెండే.
లేమి ఎక్కడైనా ఒకటే అంకె.
కాని "ఇప్పుడు కాదు, మళ్లీ రా" అనడానికి
లినక్స్‌లో పదకొండు;
"ఒకరికోసం ఒకరం ఆగి ఇద్దరం కదల్లేం" అనడానికి
ముప్ఫై అయిదు.
బీఎస్‌డీల దగ్గర సరిగ్గా తిరగేసి.
ఎవరి అంకె ఎవరు ఎత్తుకెళ్లారంటే
ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు.

ఏప్రిల్లో ఒక శుక్రవారం, నిద్రమత్తులో,
ఆ రెండు వరుసల్నీ
ఈ పట్టికలోంచి ఆ పట్టికలోకి
ఉన్నవి ఉన్నట్టు దించేసింది.
పరీక్షలన్నీ పచ్చగా వెలిగాయి.

ఫారో దీవుల్లో, ట్వోరోయిరి రేవులో,
నీటిమట్టం కొలిచే పెట్టె ఒకటుంది.
దాన్ని కనిపెట్టుకుని ఉండే రన్‌వా
తుపాను వెళ్లిన పొద్దున గీత చూసింది:
పోటు ఎక్కుతూ, ఎక్కుతూ,
తర్వాత తొమ్మిది గంటలు తెల్లకాగితం.
"కాసేపాగి రా" అని పెట్టె ముప్ఫై అయిదు పలికింది.
"ముడిపడిపోయాం" అని ప్రోగ్రాము చదువుకుంది.
చదువుకుని, మర్యాదగా తప్పుకుంది.

ఉత్తరంలో కోపం లేదు.
"ఎవరికీ ఏమీ కాలేదు.
ఆ రాత్రి నీళ్లు ఎంతెత్తు వచ్చాయో మాత్రం
ఇక ఎప్పటికీ తెలీదు."

ఎల్సీరా మూడుసార్లు చదివింది.
పొయ్యి ఆరిపోయింది.
రెండు అంకెలు అటుదిటూ ఇటుదటూ.
కారణం రాయాల్సిన చోట
ఆరు వాక్యాలు రాసి, అయిదు చెరిపేసి
"తప్పు నాది" అని ఉంచింది.

ఆపై వారం అంకారా నుంచి గుర్కాన్ అనే కుర్రాడు,
కొత్త చీపురు,
ఫలానా నిర్మాణంలో ఎవరూ వాడని ఖాళీ గడులు
ఊడ్చేద్దామన్నాడు.

మనం తు చ తప్పకుండా అంటాం.
శ్లోకంలో ఆ రెండక్షరాలకీ చాలాసార్లు పనుండదు.
తీసేస్తే అర్థానికి లోటు రాదు;
పాదం కుంటుతుంది.
ఆమెకి మన నుడి తెలీదు. అయినా రాసింది:
"నువ్వు ఖాళీ అనుకునేవాటిని కూడా కెర్నెల్ లెక్కపెడుతుంది.
అవి తీస్తే వెనకున్న వాళ్లంతా ఒకడుగు ముందుకు జరిగి
ఒకరి పేరుకి ఇంకొకరు పలుకుతారు.
పుట్టిన తేదీ అడిగితే చెప్పుల కొలత వస్తుంది."
గుర్కాన్ నవ్వు బొమ్మ ఒకటి పంపాడు.
అర్థమైందో లేదో.

తెల్లారుతోంది. వాన అలాగే ఉంది.
కింద సముద్ర సింహం ఒకటి
మూసిన కొట్టు ముందు అరిచి, ఆగి, మళ్లీ అరిచింది.
ట్వోరోయిరిలో పెట్టె
ముప్ఫై అయిదు అంది.
ప్రోగ్రాము కాసేపాగి
మళ్లీ అడిగింది.