మూడో జిమ్ము

రోలాల మొదటి జిమ్ము అద్దాల మేడ.
బరువడగలే, బతాకా అడిగిండ్రు.
రెండోదాంట్ల పిలగాడు నా పొట్ట జూసి
"టార్గెట్ ఏందన్నా?" అన్నడు.
టార్గెట్ అంటే నాకు ఫోర్‌మన్ యాదికొస్తడు.

మూడోది బఖాలా మీద, నాలుగో అంతస్తు.
లిఫ్టు ఖరాబు. ఏసీ నీళ్లు బకెట్ల టప్పు టప్పు.
గుల్‌జమాన్ చాచా
ముందుగాల నా అరచేతులు తిప్పి చూసిండు.
"ఏం పని?"
"టవర్ క్రేన్. పన్నెండు గంటలు కూసునుడే."
"నొప్పేడ?"

ఇన్నేండ్ల ఎవ్వలడగని మాట.
నడుము మీద చెయ్యి పెట్టి చూపిచ్చిన.

టన్నులకు టన్నుల ఇనుము
మబ్బుల దాకా లేపేటోన్ని,
రెండు కిలోల డంబెల్ ఇస్తే
మణికట్టు వణికింది.

చాచా నవ్వలే.
"లిఫ్టు బాగైనంక గూడ
మెట్లెక్కే రా" అన్నడు.