సాల్

మొదటి పొద్దు నాకొచ్చిన మాట సాల్.
ఆయమ్మ పళ్ళెం ముందర కూచోని
సాల్, సాల్ అనింది.
నేను గంటె ఎనక్కి తీసుకుంటి.
సాలన్యాక ఇంగ పెట్టగూడదు గదా.
ఆయమ్మ ఇంగా గట్టిగా, సాల్!
పప్పు సట్టి ఎత్తుకోని లోపలికే పోతి.
ఎర్రిస్వామి సారు నవ్వి నవ్వి, పొరబోయి,
"ఉప్పు హంపక్కా, ఉప్పు అడుగుతాండాది" అనె.

అనంతపురంలో, బళ్ళారి రోడ్డు పక్కన
స్పెయిన్ వాళ్ళు దిగే ఇంటి వంటగదిలో
నలభై ఆరో ఏట
అట్ల మొదలాయ నా సదువు.

సారు తెలుగు అచ్చరాల్తో ఒక కాయితం రాసిచ్చె.
మైదా ఉడకబెట్టి బియ్యం డ్రమ్ముకు అంటిస్తి.
మైదా రుచికి ఎలకలొచ్చి
అడుగున రెండు మాటలు తినిపోయినాయి.
అవి ఏం మాటలో
ఈ పొద్దుకీ నాకు తెలీదు.

ఎర్రగడ్డ సెబోయా.
తెల్లగడ్డ ఆహో.
పొట్టు ఒలుస్తా ఆహో అంటాంటే
ఎనకాల ఎవరో మెచ్చుకుంటాన్నట్లు ఉంటాది.
చెంచా కుచారా, కత్తి కుచీయో,
తోడికోడండ్ల మాదిరి
ఒకదాన్ని పిలిస్తే ఇంగొకటి పలుకుతాది.
పాయసం కలిపేకి చౌడమ్మ నాకు కత్తి అందిచ్చె.
నిప్పు ఫ్వేగో.
ఆ మాట పలికేకి పెదాలు
ఊదుగొట్టం పట్టినట్లే పెట్టల్ల.

బియ్యం అర్రోథ్.
చివర్న నాలిక పండ్ల సందులోకి రావల్లంట.
చౌడమ్మకు రాలా, సారుకూ రాలా.
నా ముందరి పన్ను ఊడి రెండేండ్లాయ,
గాలి దానంతట అదే పోయె.
అందరి కంటే నాకే బాగొచ్చిందని
నీవెస్ చప్పట్లు కొట్టె.

నీవెస్ అంటే వాళ్ళకాడ ఆకాశం నుంచి పడే మంచంట.
ఆ పేరు పెట్టుకోని
మే నెల్లో వచ్చింది మా ఊరికి.
ఊరిబిండి నాలిక్కి తగిలినప్పుడు
పికాంతె అని మూడు మాట్లు అనె.
మూడోది కండ్లనీళ్ళతో.

తిరగవాతకు వాళ్ళకాడ మాట లేదంట.
ఆవాలు చిటపటమనేది చూపిస్తి,
కరేపాకు దుమికేది చూపిస్తి.
కాయితం మింద రాసుకోని చదివె: తిరగబాత.
నేను దిద్దలా.
నా సెబోయాను ఆయమ్మ మాత్రం
ఎప్పుడన్నా దిద్దిందా?

ఆ మజ్జానమే శెనక్కాయల మాట అడిగితి.
కకవెతె, అనె.
రోకలి ఆపి
మళ్ళా చెప్పమంటి.
కకవెతె.

నాలుగెకరాలు. మూడేండ్లు.
ఊడలు దిగే టయానికి మొకం సాటేసిన వాన.
కట్టె పశువులకేసి
కమ్మలు బ్యాంకులో పెట్టి వచ్చినాం.
సముద్రం అవతలోళ్ళకు
ఆ గింజ కొసాన వెత ఉండాదని ఎవరు చెప్పిరో.

ఆయమ్మకు చెప్పుకోవల్లనిపించె.
నాకొచ్చేవి వంటింటి మాటలు, అంతే.
కకవెతె, అంటి.
నాద, అంటి.
నాద అంటే ఏమీ లేదని.
ఆయమ్మ డబ్బా దించి, మూత తీసి చూసి,
ఉండాయి గదా అన్నట్లు నవ్వి
నా అరచేతిలో గుప్పెడు పోసె.
ఏం చేద్దు.
నిలబడే తింటి.

రాత్రి మా ఆయప్పకు కూడు పెడ్తా
నోరు జారి, సాల్ కావల్నా, అంటి.
"యాడ సాల్తాండాది"
తల ఎత్తకుండానే అనె.

ఉప్పు డబ్బీ
ఆయప్ప పక్కకు జరిపితి.