గోడ బెజ్జం

మూడొద్దుల సంది ముసురు.
శివనగర్ల మా పడమటి గోడకు
లోపటి దిక్కు చెమట పట్టింది.
స్విచ్చుబోర్డు కింద సున్నం ఉబ్బి
నూనెల ఏసిన అప్పడం లెక్క పొక్కులు.
స్లాబు చూసిన, పిట్టగోడ చూసిన,
ఉత్తపుణ్యానికి నల్లా పైపును తిట్టిన.
చిటికెన వేలు పట్టే బొక్క మీదికి
ఎవరి అనుమానం పోతది?

ఓదెలు వచ్చి
పక్కింటోళ్ల డ్రమ్ము బోర్లేసి ఎక్కిండు.
"అక్కా, వాన గోడల కెంచి రాలే.
స్తంభం కాడ వైరెక్కి,
చీమల్లెక్క వరుస పెట్టి
సక్కగ నీ బోర్డుల దిగింది.
బొక్క గూడ లోపలికే వాలింది సూడు,
రమ్మని పిలిచినట్టు."

స్క్రూడ్రైవరుతో తవ్వుతుంటే
ఒక్కొక్కటే ఊడి వచ్చినయ్:
పోయినేడు ఇంటర్నెట్ పిలగాడు మెత్తిన
తెల్ల సిమెంటు పెళ్లలు,
చీమలకు అడ్డమని నేను కుక్కిన
అరిగిపోయిన సబ్బుముక్క,
కుమ్మరి పురుగు కట్టుకున్న మట్టిగూడు,
అండ్ల ఎండిపోయిన సాలెపురుగు ఒకటి.
అన్నిటికీ ఎనుక
గట్టిగ చుట్టిన ఖాకీ పేలిక.

కుట్టు చూడంగనే ఎరుకపట్టిన.
నేను మిషిన్ నేర్చిన కొత్తల
వంకర పోయిన బడి నిక్కరుది అది.
వాడకు మొదటిసారి కేబులొచ్చిన్నాడు
మా అత్త నాంపెల్లమ్మ
పీట మీద నిలబడి కుక్కింది,
వానకు భయపడి కాదు.
"వాళ్ల మాటలు మనకు వినొస్తున్నయంటే
మన మాటలు వాళ్లకు వినరావా?
చీటీ పైసల ముచ్చట మెల్లగ మాట్లాడు పిల్లా."
అట్లన్నందుకు ఎన్నేండ్లు నవ్విన్నో.

ఓదెలు లోపటి నుంచి డ్రిల్లు పెట్టి
బయటికి పల్లంగ కొత్త తొవ్వ తీసిండు.
పైపుముక్క తొడిగిండు.
వైరును తిన్నగ పోనియ్యలే,
బొక్కకు జానెడు కిందికి వంచి
చీర కుచ్చిలి లెక్క ఒక మడత ఇడిసి
మళ్ల పైకి తీసుకపోయిండు.
"నీళ్లకు ఎక్కుడు రాదక్కా.
వంపు కాడికి వచ్చి, ఇగ చాలనుకొని రాలుతయ్."

సిలికాను పైన పూసిండు, పక్కలకు పూసిండు,
అడుగున మాత్రం గోరంత సందు.
అదేందిరా, అది మర్సినవా అన్న.
"మర్వలే. ఎంత మూసినా ఒక చుక్క తప్పి వస్తది.
వచ్చినదానికి పోయే తొవ్వ ఉండాలె గదా."
కాజా కుట్టినంక దారం కొస
కొంచెం ఇడిసే దాన్ని నేను,
ఇంకేం అడుగుత?
"ఈ పేలిక పారెయ్, తడిని దాస్తది" అన్నడు.
పారెయ్యలే.
బాబిన్ల డబ్బాల పెట్టిన.

రాత్రి మళ్ల దంచింది.
టార్చి పట్టుకొని కిటికీల కెంచి చూసిన.
వంపు కొసన
ఒక చుక్క బరువెక్కుతది, సాగుతది, తెగుతది,
ఇంకొకటి వచ్చి దాని జాగల నిలబడతది.
మిషిన్ తొక్కినట్టే, ఒక్కటే లెక్క.

పండబోయేముందు, ఇంట్ల ఎవరు లేకపోయినా,
ఈ నెల చీటీ ఎంతకు పాడాల్నో
మెల్లగనే అనుకున్న.