మరికల్ దిగెటోల్లు

మొదటి దినం టికెట్ల మిషన్ మెడల ఏసుకొని
బస్సు నడిమిట్ల నిలవడ్డ.
"టికెట్" అనాలె. ఒక్కటే మాట.
ఎండిన జొన్నరొట్టె ముక్కలెక్క
అది గొంతుల అడ్డం వడ్డది.

బడిల సారు లేశి చదువుమంటె
పుస్తకం మొకానికి అడ్డం పెట్టుకున్నదాన్ని.
అంగట్ల చిల్లర తక్కువిస్తె అడగక
ఇంటికొచ్చి ఏడ్చినదాన్ని.
గుసగుసల గోవిందమ్మ అంటరు నన్ను వాడకట్టోల్లు.
నాయిన పోయినంక డిపోల ఇచ్చిన్రు ఈ నౌకరి,
ఆయన కూతేస్తె
నిద్రవోయిన బస్సంత లేసి కూసునేదట.

పాలమూరు నుంచి నారాయణపేట.
దేవరకద్ర ఒచ్చింది, పలకలే.
మరికల్ ఒచ్చింది.
బెల్లు కొట్టిన, నోరు లేవలే.
ధన్వాడ కాడ ఒక ముసలామె
జీరో టికెట్ పిడికిట్ల పట్టుకొని
"మరికల్ ఇంకెంత దూరం బిడ్డా?" అనడిగింది.
కండ్లల్ల తెల్లటి పొరలు.
తిట్టలే. తిట్టినా బాగుండు.
"నువ్వు ఒర్రుతవని కూసున్న" అన్నది.
గంతె.

ఆ రాత్రి డ్రైవర్ మైబన్న
కడిగిన బస్సుల లైట్లేసి
"సీట్లకు చెప్పు పో, అవి నవ్వయి" అన్నడు.
తడి సీట్లకు చెప్పిన.
టైరు మార్చెటోడు ఒచ్చిండు, ఆపిన.
పోయిండు, మల్ల చెప్పిన.

తెల్లారి "మరికల్" అన్న.
తలుపు సందుల తోక ఇరికిన పిల్లి తీరు.
ఎనక సీట్ల కాలేజి పోరలు
అదే గొంతుతోని తిరిగి అన్నరు.
చెవులు కాలినయి.
ముందట సీట్ల తువ్వాల కప్పుకొని పన్న పెద్దమనిషి
దిగ్గున లేశి, యూరియా బస్తా దించుకొని,
దిగి పోయిండు.
నవ్వెటోల్లు నవ్వుతనే ఉన్నరు.
దిగెటాయిన దిగిండు.

నన్నే చూస్తున్నరనుకున్న ఇన్నొద్దులు.
నా భుజం మీదికెల్లి
అద్దంల వాల్ల ఊరి కోసం చూస్తున్నరు.

అట్లని భయం దిగిపోయిందా?
ఏడ దిగుతది, దానికి పాసున్నది.
మేనేజర్ సారు పిలిస్తె ఇప్పటికీ అరచేతులు చెమట వడ్తయి.
తలుపు బయట నిలవడి నాలిక కింద చదువుకుంట:
దేవరకద్ర, మరికల్, ధన్వాడ...
ధన్వాడ దాటంగనే తలుపు నూకుత.

ఆ ముసలామె మల్ల నా బస్సెక్కలే.
అన్ని స్టేజీల కాడ ఒకపారే ఒర్రుత.
మరికల్ కాడ మాత్రం రెండు పార్లు.
ఒకటి దిగెటోల్లకు.