ఖాళీ జాబితా లోపం కాదు

పెరుంగుడిలో ఏడో అంతస్తు.
కిటికీ కింద పళ్ళికరణై చిత్తడి,
అందులో ఒంటికాలి మీద కొంగలు.
నా పని, ఏజెంటు తన జ్ఞాపకాల్లో వెతుక్కునే పనిముట్టుకి
వాడుక పుస్తకం రాయడం.

"చదివేది మనుషులు కాదక్కా, ఏజెంటే.
చమత్కారాలొద్దు," అన్నాడు చెళియన్ మొదటిరోజే.
పనిముట్టు వాడిది, మాటలు నావి.
మనిషి అర్థం కాకపోతే విసుక్కుంటాడు.
ఇది అర్థం కాకపోయినా నమ్మేస్తుంది.
అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాను:

ప్రశ్న తప్పనిసరి.
ఎన్ని కావాలో చెప్పకపోతే పది వస్తాయి.
అడిగిన మాటే అక్కడ ఉండక్కర్లేదు,
దాని చుట్టాలెవరున్నా చాలు.
వాన అని అడిగితే గొడుగు రావచ్చు,
తడిసిన చెప్పులు రావచ్చు,
వేళచ్చేరిలో నడుంలోతు నీళ్ళలో
నెత్తిన టీవీ పెట్టుకుని నడిచినాయన రావచ్చు.
(ఆఖరిది కొట్టేశాను, చెళియన్ చూడకముందే.)

ఉదాహరణ కావాలన్నారు.
ఉత్తుత్తి జ్ఞాపకం ఒకటి అల్లాను.
"మాసిలామణి గారు కాఫీలో చక్కెర వేసుకోరు.
పదకొండింటికి ముందు ఫోన్ చేస్తే ఎత్తరు."
అలాంటి మనిషి లేడు.
పేరు లిఫ్టు పక్కన బోర్డు మీంచి ఎత్తుకొచ్చాను,
చక్కెర లేని కాఫీ నాది,
పదకొండు మాత్రం ఎక్కడిదో నాకే తెలీదు.

వారం తిరక్కుండా యూనస్ ల్యాప్‌టాప్ ఎత్తుకుని వచ్చాడు.
పరీక్షలో ఏజెంటు ఊరందరికీ
చక్కెర లేని కాఫీ చెబుతోంది.
అన్నానగర్ పళ్ళ డాక్టరుకి సరే,
పెళ్ళివారికి కూడా, మూడొందల కప్పులు!
పైగా ఎంతో వినయంగా,
"మాసిలామణి గారిని ఇప్పుడు కదపకండి,
ఇంకా పదకొండు కాలేదు."
నేను రాసిన పేజీని కూడా
అది జ్ఞాపకాల్లోనే దాచుకుంది.
ఉదాహరణ ఎక్కడ ఆగుతుందో నేను గీత గీయలేదు మరి.

కడుపు పట్టుకుని నవ్వాం ముగ్గురం.
చెళియన్ వేలు మీట మీద పెట్టి నా వైపు చూశాడు.
లేని మనిషికి ఇంత మర్యాద చేసినవాళ్ళని
నేనెప్పుడూ చూడలేదు.
తీసెయ్ అన్నాను.
తుడిచినది తిరిగి రాదు, అని ఆ సాయంత్రమే
నాలుగో అధ్యాయంలో చేర్చాను.

రైలు తరమణి దాటుతోంది.
నేనేమీ అడగలేదు. వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నాను.
మింట్ వీధి, మేడ కింద ప్రెస్సు,
నాకు ఇరవై రెండేళ్ళు, ప్రూఫులు దిద్దే పని.
కంపోజిటర్ ఎతిరాజులు గారు
గళ్ళ పెట్టె ముందు నిలబడి, చూడకుండానే
ఒత్తుల్నీ గుడుల్నీ సీసంలోంచి ఏరుతున్నారు.
కరెంటు పోయినా
క్ష ఏ గదిలో ఉందో ఆయన వేళ్ళకి తెలుసు.
మొదటి ఫారం బిగిసేదాకా
ఎవరు పిలిచినా పలికేవారు కాదు,
మేనేజరు బయట కూర్చోబెట్టేవాడు వచ్చినవాళ్ళని.
ఉండండి, ఇంకా పదకొండు కాలేదు.

ముప్పై ఏళ్ళు.
ఏ మాటకి చుట్టమై ఉందో ఇన్నాళ్ళూ.
ప్రశ్న తప్పనిసరి అని రాసింది నేనే కదా.
తిరుమయిలైలో దిగడం మర్చిపోయాను.

పొద్దున్నే వచ్చి ఆ వాక్యం మార్చలేదు.
పనిముట్టు విషయంలో అది నిజమే.
దాని కిందే ఇంకోటి రాశాను:
ఏమీ దొరక్కపోతే ఖాళీ జాబితా వస్తుంది.
అది లోపం కాదు.
కొంతసేపాగి వేరే మాటతో అడగండి.

పక్కన చెళియన్ ఎర్రరంగులో అడిగాడు,
కొంతసేపంటే ఎన్ని సెకన్లక్కా?

కాఫీ తెచ్చుకున్నాను.
ఒక కొంగ బురదలో ముక్కు ముంచి
చాలాసేపు తియ్యలేదు.
చెళియన్‌కి జవాబివ్వలేదు.
ఇంకా పదకొండు కాలేదు.