‘ఈ’ మీట

ఇరవై రెండేళ్ళు జాగ్రెబ్‌లో పదకొండో నంబరు ట్రామ్ నడిపాను.
చ్ర్నోమెరెట్స్ నుంచి దుబెట్స్, దుబెట్స్ నుంచి చ్ర్నోమెరెట్స్.
స్టీరింగు లేని బండి.
ఎదురుగా కుక్క వచ్చినా, పెళ్ళి ఊరేగింపు వచ్చినా
గంట కొట్టడం, బ్రేకు వేయడం,
నా చేతిలో ఉన్నవి ఆ రెండే.

నలభై ఏడో ఏట కంటి డాక్టరు
చీకటి పెట్టెలోకి నా మొహం దూర్చి
వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది.
నేను నొక్కని చుక్కలన్నీ
కాగితం మీద ఎడమ అంచున నల్లగా అచ్చయ్యాయి.
“ఎడమ నుంచి ఒక పిల్లవాడు పరిగెత్తుకొస్తే?” అంది.
ఆ పిల్లవాడు ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకొస్తాడు,
క్షేమంగానే దాటిపోతాడు.

డిపోలో పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు.
గొడుగులు, ఒంటి చేతితొడుగులు, ఓసారి కట్టుడు పళ్ళు.
ఎవరైనా వచ్చి “నీలం గొడుగు, చెక్క పిడి” అంటే
నాలుగు వందల పేజీల దఫ్తరం తిరగేయాలి.
విసుగే నా మొదటి పంతులు.

చెల్లెలి కొడుకు హ్ర్వోయె తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు.
‘ఈ’ అక్షరం మీట ఊడిపోయింది,
అడుగున మిగిలిన రబ్బరు బుడిపెను నొక్కాలి.
ప్రోగ్రాముల నిండా ఆ అక్షరమేనని
ఎవరూ ముందు చెప్పలేదు.
వేలి కొన కాయ కాసింది.
బళ్ళో నేను చదివింది రష్యన్.
ఇంగ్లీషంటారా, సీరియళ్ళలో ఏడ్చేవాళ్ళు నేర్పిన నాలుగు ముక్కలు.
ఓనమాలు దిద్దే వయసు కాదు,
సూపు మాత్రం రోజూ చల్లారేది.

“అయితే, లేకపోతే” పాఠం వచ్చిన రాత్రి
పగలబడి నవ్వాను.
ఇదా!
ఉద్యోగం కొత్తలో చౌరస్తా దగ్గర ట్రామ్ ఆపి
మంచులోకి దిగి, ఇనుపకడ్డీతో
పట్టా నాలుకను అటో ఇటో జరిపేదాన్ని.
ఆరో నంబరైతే కుడికి,
లేకపోతే తిన్నగా.
వెనక నూట యాభై మంది, వాళ్ళ సంచులు, వాళ్ళ తొందర,
అందరూ ఆ జానెడు ఇనుము మాట వినాల్సిందే.

నేను రాసిన మొదటి వలయం ఆగలేదు.
ఫ్యాను రొద పెట్టింది, తొడలు కాలాయి.
ఎప్పుడు ఆగాలో చెప్పడం మరిచాను.
చివరి స్టాపులో గుండ్రంగా తిరిగే ట్రామ్‌కైతే
డ్రైవరు ఆకలి ఉంటుంది,
దీనికి ఆకలి కూడా రాసి పెట్టాలి.

ఒక్క కామా కోసం మూడు రాత్రులు.
నీళ్ళకి లేచిన తిహొమిర్ తలుపు దగ్గర నిలబడి
“ఎవరితో పోట్లాట?” అన్నాడు.
చెబితే నమ్మలేదు.

మార్చిలో ఒక ముసలమ్మ వచ్చింది, నీలం గొడుగు, చెక్క పిడి.
మూడు మాటలు కొట్టాను. అర నొక్కులో
అల్మారా ఏడు, పై అర.
ఆవిడ తెర వైపు చూడనే లేదు.
గదిలోనే గొడుగు విప్పి, చువ్వలు లెక్కపెట్టుకుని,
ముడిచి, వెళ్ళిపోయింది.
సాయంత్రం దాకా నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

పదకొండు కంపెనీలకు రాశాను.
తొమ్మిది పలకలేదు.
ఒక కుర్రాడు నా ఇరవై రెండేళ్ళ మీద
పెన్సిలుతో సన్నగా గీత గీశాడు, మర్యాదగానే.
ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు చూసే చిన్న ఆఫీసులో
నెరిసిన జుట్టావిడ అడిగింది:
“నడుస్తుండగా చెడిపోతే ఏం చేస్తారు?”
“గంట కొడతాను. బ్రేకు వేస్తాను.
తర్వాత దిగి చూస్తాను.”

ఆరు నెలల గడువు మీద తీసుకున్నారు.
జీతం ట్రామ్ కంటే తక్కువ.
ఉంచుకుంటారో లేదో తెలీదు.
కొత్త కంప్యూటరుకి ‘ఈ’ మీట ఉంది.
నేనింకా దాన్ని బుడిపెలాగే పొడుస్తున్నాను,
టక్, టక్ అని,
పక్క బల్లల పిల్లలు తలలు తిప్పి చూస్తున్నారు.